కడుపుతో ఉన్నప్పుడు కాలి నరాలు ఉబ్బితే: మేజోళ్ళు, కుర్చీ, కొంచెం ఓపిక

ఈ వారం ఎపిసోడ్‌కి కారణం ఒక వాయిస్ మెసేజ్. ఇక్కడ బ్రిటన్‌లోనే ఒక కేర్ హోమ్‌లో పనిచేస్తున్న చెల్లెలు పంపింది. "అక్కా, ఆరో నెల నడుస్తుంది. పొద్దుగాల్నుంచి నిలబడే డ్యూటీ. పిక్కల మీద నరాలు వానపాముల లెక్క తేలినయి. ఇండియా వచ్చి లేజర్ చేయించుకొమ్మని మా అత్త అంటుంది. చేయించుకోవచ్చా?"

నేను డాక్టర్ని కాదు, చరిత్ర చదివే మనిషిని. అయితే ఈ ప్రశ్నకి చరిత్రలో చాలా జవాబులు దొరుకుతాయి. కొన్ని వింతవి, కొన్ని భయపెట్టేవి. వాటిని వరసగా చూస్తే ఇవాళ డాక్టర్లు ఎందుకు "ఆగమ్మా" అంటున్నారో తెలుస్తుంది. ఆ "ఆగడం" షిఫ్టుల్లో పనిచేసే ఆడమనిషికి ఎందుకంత కష్టమో కూడా తెలుస్తుంది. ఎపిసోడ్‌లో మాట్లాడిందాన్నే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మాట దగ్గరే ఒక చిక్కుంది. తెలుగులో మనం నర్వ్‌నీ నరమే అంటాం, వెయిన్‌నీ నరమే అంటాం. "నరాలు ఉబ్బాయి" అనగానే ఎవరో ఒకరు నరాల బలానికి బి-కాంప్లెక్స్ గోలీ వేసుకోమంటారు. దీనికి దానికి సంబంధం లేదు. ఇవి సిరలు. ఒళ్ళంతా తిరిగిన రక్తాన్ని గుండెకి వెనక్కి తీసుకెళ్ళే గొట్టాలు. కాళ్ళలో రక్తం కిందనుంచి పైకి ఎక్కాలి కదా, మళ్ళీ జారిపోకుండా లోపల చిన్న చిన్న కవాటాలుంటాయి, ఒకవైపుకే తెరుచుకునే తలుపుల్లాగా. ఆ తలుపులు సరిగ్గా మూసుకోకపోతే రక్తం కిందికి జారి నిలుస్తుంది, సిర ఉబ్బి మెలికలు తిరుగుతుంది. వెరికోస్ వీన్స్ అంటే ఇదే.

ఇంత చిన్న సంగతి తెలియడానికి మనిషికి వేల ఏళ్ళు పట్టింది. సుమారు 3500 ఏళ్ళ నాటి ఈజిప్టు వైద్య గ్రంథం ఎబర్స్ పపైరస్‌లో ఇలాంటి ముడులు పడ్డ ఉబ్బుల ప్రస్తావన ఉంది, వాటి మీద కత్తి పెట్టొద్దన్న హెచ్చరిక కూడా ఉంది. మన సుశ్రుతుడు సిరాజ గ్రంథి అన్నాడు, బలం లేనివాడు అతిగా శ్రమపడితే వస్తుందన్నాడు. శ్రమని పట్టుకున్నాడు చూడండి, అది నాకు నచ్చింది. రోమ్‌లో ఏడుసార్లు కాన్సల్ అయిన గైయస్ మారియస్ అనే సేనాని రెండు కాళ్ళకీ ఇవే ఉన్నాయని కోయించుకోడానికి కూర్చున్నాడట. మత్తుమందు లేని కాలం. తనని కట్టేయొద్దని ఒక కాలు కిక్కురుమనకుండా కోయించుకున్నాడు. రెండో కాలు దగ్గరికి వచ్చేసరికి, ఈ నొప్పికి ఆ లాభం చాలదని లేచిపోయాడని ప్లూటార్క్ రాశాడు. అంత మొండివాడే ఒక కాలితో సరిపెట్టుకున్నాడు.

గర్భిణుల సంగతి స్పష్టంగా రాసినవాళ్ళలో 16వ శతాబ్దపు ఫ్రెంచ్ సర్జన్ ఆంబ్రోజ్ పారె ఒకడు. దూకడం, పరుగెత్తడం, కాలినడకన దూరం పోవడం, బరువులు మోయడం అంటూ ఈ ఉబ్బులకి కారణాలు చెబుతూ, కడుపుతో ఉన్న ఆడవాళ్ళకి ఇవి మామూలేనన్నాడు. ఎందుకంటే ముట్టు ఆగిపోతుంది కదా, ఆ రక్తం పోగుపడి కాళ్ళలోకి దిగుతుందట! ఇప్పుడు నవ్వొస్తుంది కానీ మన ఇళ్ళలో "చెడు రక్తం" అనే మాట ఇంకా బతికే ఉంది. పారె కారణం తప్పు చెప్పాడు, సలహా మాత్రం బాగా చెప్పాడు: పాతబడ్డవాటి జోలికి పోకపోవడమే మంచిదన్నాడు.

కవాటాల గురించి ఇటలీలోని పాదువాలో ఫాబ్రిషియస్ 1603లో పుస్తకం వేశాడు. బొమ్మలు చక్కగా గీశాడు గానీ అవి ఎందుకున్నాయో సరిగ్గా చెప్పలేకపోయాడు. ఆయన దగ్గర చదువుకున్న ఇంగ్లిష్ కుర్రాడు విలియం హార్వే 1628లో రక్తం గుండ్రంగా తిరుగుతుందని రుజువు చేసినప్పుడు, ఆ తలుపుల పనేమిటో తేలింది. ముట్టు రక్తం కాళ్ళలో నిలవడం అనే కథకి అక్కడితో కాళ్ళు విరగాలి. విరగలేదు. ఇంకో రూపంలో చాలాకాలం నడిచింది.

ఆ రూపం పేరు పాల కాలు. కాన్పయిన వారం పది రోజులకి కొందరు బాలింతలకి ఒక కాలు, ఎక్కువగా ఎడమది, తెల్లగా, నున్నగా, స్తంభంలా వాచేది. భరించలేని నొప్పి. కొందరు కోలుకునేవాళ్ళు. కొందరు ఉన్నట్టుండి ఊపిరాడక పోయేవాళ్ళు. రొమ్ముకి రావలసిన పాలు దారి తప్పి కాల్లోకి దిగాయని 18వ శతాబ్దపు ఫ్రెంచ్ వైద్యులు చెప్పారు. 1784లో మాంచెస్టర్ సర్జన్ చార్లెస్ వైట్ దీని మీదే ఒక పుస్తకం రాసి, ఇది పాలు కాదయ్యా అన్నాడు. ఆయన అనుకున్నదీ పూర్తిగా ఒప్పు కాదు, లింఫ్ నాళాలు దెబ్బతినడం వల్లనన్నాడు. 1820లలో లండన్‌లో డేవిడ్ డేవిస్ చనిపోయిన బాలింతల శరీరాలు పరీక్షించి, తొడ లోపలి పెద్ద సిరల్లో గడ్డకట్టిన రక్తాన్ని చూపించాడు. పాల కాలు అంటే ఇవాళ మనం డీప్ వెయిన్ థ్రాంబోసిస్ అనే జబ్బు. ఆ గడ్డ ముక్క విడిపోయి ఊపిరితిత్తుల్లో అడ్డుపడితే ప్రాణం పోతుందని 19వ శతాబ్దం మధ్యలో జర్మనీలో రుడాల్ఫ్ విర్షో వివరించాడు.

వెరికోస్ వీన్స్ గురించి అడిగితే ఈ కథ ఎందుకంటారేమో. కాలి మీద పైకి కనిపించే ఉబ్బు సిరలు చూడ్డానికి భయంగా ఉంటాయి, నొప్పి పెడతాయి, కానీ వాటివల్ల ప్రాణాపాయం అరుదు. లోపల కనిపించని సిరలో గడ్డ కడితే అదీ ప్రమాదం. బాగా ఉబ్బిన వెరికోస్ వీన్స్ ఉన్న గర్భిణికి ఆ ప్రమాదం కొంత ఎక్కువ. అందుకే బ్రిటన్‌లో ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ మార్గదర్శకాల్లో గడ్డల ముప్పు లెక్కవేసే పట్టికలో దీనికీ ఒక పాయింటు ఉంటుంది. మిడ్‌వైఫ్ మొదటి అపాయింట్‌మెంట్‌లో కాళ్ళ గురించి అడిగితే ఊరికే అడగడం లేదు, ఉన్నదున్నట్టు చెప్పండి. కాళ్ళకే కాదు, మర్మాంగం దగ్గర కూడా ఈ సిరలు ఉబ్బుతాయి. సిగ్గుతో చాలామంది చెప్పరు. చెప్పాలి. అవి ఉన్నా మామూలు కాన్పు సాధారణంగా అవుతుంది.

చార్లెస్ వైట్ దగ్గర ఇంకో మంచి మాట ఉంది. ఆయన కాలంలో బాలింతని కిటికీలు మూసిన గదిలో, దుప్పట్లు కప్పి, రోజుల తరబడి కదలనిచ్చేవారు కాదు. ఆయన 1773లోనే గదికి గాలి కావాలి, బాలింత తొందరగా లేచి కూర్చోవాలి అని రాశాడు. ఎవరు విన్నారు? బాలింతల్ని వారాల పాటు పడుకోబెట్టే ఆచారం యూరప్, అమెరికా ఆస్పత్రుల్లో 20వ శతాబ్దంలోకి కూడా వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో మంచాలకీ నర్సులకీ కొరత వచ్చాక గానీ బాలింతల్ని తొందరగా లేపి నడిపించడం మామూలు కాలేదు. మన దగ్గర పచ్చి బాలింతకి నీళ్ళు ఎక్కువ ఇవ్వొద్దు, మంచం దిగనివ్వొద్దు అనే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. ప్రేమతోనే అంటారు. కానీ కాన్పయ్యాక మొదటి ఆరు వారాలే గడ్డలకి అన్నిటికన్నా ఎక్కువ ముప్పున్న కాలం. కదలకపోవడం, ఒంట్లో నీరు తగ్గడం, రెండూ ఆ ముప్పుని పెంచేవే. ఈ ఒక్క విషయంలో అమ్మమ్మ మాట పక్కన పెట్టొచ్చు.

ఇక మేజోళ్ళ కథ. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ సర్జన్ రిచర్డ్ వైజ్‌మన్ తోలుతో, దారాలు బిగించి కట్టే మేజోడు వాడేవాడు. కాలి చుట్టూ ఒత్తిడి సమంగా పడాలని. తోలు కాబట్టి గట్టిగా, చెమట పట్టేలా ఉండేది. తర్వాత 1840లలో రబ్బరుని గంధకంతో ఉడికించి ఎండకి కరగకుండా, చలికి పెళుసెక్కకుండా చేసే పద్ధతి వచ్చింది. 1848లో విలియం బ్రౌన్ అనే ఇంగ్లిష్‌వాడు రబ్బరు దారంతో సాగే మేజోడుకి పేటెంట్ తీసుకున్నాడు. మొదట్లో ఆ రబ్బరు అమెజాన్ అడవుల నుంచి వచ్చేది. 20వ శతాబ్దం వచ్చేసరికి మలయా తోటలు ముందుకొచ్చాయి. ఉత్తరాంధ్ర నుంచి కూలీలు ఓడెక్కి వెళ్ళింది ఆ తోటలకే. పక్క దేశాల వాళ్ళ కాళ్ళకి బిగించిన రబ్బరు వెనక ఎవరి కాళ్ళు నిలబడ్డాయో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. సరే, అది వేరే ఎపిసోడ్.

మేజోడుకి అసలు సూత్రం దొరికింది అమెరికాలో ఒహాయో రాష్ట్రం టొలీడోలో. కాన్రాడ్ జాబ్స్ట్ అనే జర్మన్ సంతతి ఇంజనీరుకి స్వయంగా కాలి సిరల జబ్బు ఉండేది. ఈత కొలనులో నిలబడ్డప్పుడు మాత్రం కాళ్ళు హాయిగా ఉన్నట్టు గమనించాడు. ఎందుకు? నీళ్ళలో లోతుకి పోయేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. చీలమండ దగ్గర ఎక్కువ, పైకి వచ్చేకొద్దీ తక్కువ. రక్తం కింద నిలవకుండా పైకి తోసేది ఆ తేడానే. దాన్నే బట్టలోకి తెచ్చి 1950 ప్రాంతంలో మేజోళ్ళు చేశాడు. ఇవాళ మందుల షాపులో కంప్రెషన్ స్టాకింగ్స్ అని ఇచ్చేవన్నీ ఈ సూత్రం మీద నడిచేవే. బ్రిటిష్ కొలతల్లో క్లాస్ 1 అంటే చీలమండ దగ్గర 14 నుంచి 17 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడి, క్లాస్ 2 అంటే 18 నుంచి 24. కాలి కొలత తీసుకుని ఇవ్వాలి. ఎవరివో తెచ్చి వేసుకునేవి కావు. పొద్దున్నే, మంచం దిగకముందు, కాళ్ళు వాచకముందే వేసుకుంటే మేలు. ఇంగ్లండ్‌లో గర్భిణికి మెటర్నిటీ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ ఉంటే ప్రిస్క్రిప్షన్ మీద వచ్చేవాటికి డబ్బు కట్టనక్కర్లేదు. కాన్పు తర్వాత ఏడాది దాకా అది చెల్లుతుంది. మిడ్‌వైఫ్‌ని అడగండి.

గర్భంలోనే ఇవెందుకు వస్తాయో శాస్త్రం తేల్చింది కూడా దాదాపు ఆ కాలంలోనే. గర్భాన్ని నిలబెట్టే ప్రొజెస్టిరాన్ హార్మోన్‌ని 1934లో విడిగా తీశారు. అది కండరాల్ని వదులు చేస్తుంది, సిరల గోడల్లో ఉన్నవీ కండరాలే. ఒంట్లో రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుంది. పెరిగే గర్భసంచి పొత్తికడుపులోని పెద్ద సిరని నొక్కుతుంది. 1943లో చార్లెస్ మెక్‌లెనన్ గర్భిణుల చేతి సిరలోనూ తొడ దగ్గర సిరలోనూ ఒత్తిడి కొలిచి చూశాడు. చేతిలో పెద్దగా మార్పు లేదు. తొడ దగ్గర నెలలు నిండేకొద్దీ పెరిగి, కాన్పు కాగానే పడిపోయింది. అంటే కారణం చాలావరకు తాత్కాలికం. హార్మోన్ తగ్గుతుంది, బరువు దిగుతుంది, చాలామందిలో సిరలు కొన్ని నెలల్లో బాగా సర్దుకుంటాయి. రెండో కాన్పు, మూడో కాన్పుకి కొంచెం కొంచెం ఎక్కువగా మిగిలిపోతుంటాయి.

ఇది తెలిసేలోపల డాక్టర్లు గర్భిణుల మీద చెయ్యని ప్రయోగం లేదు. 1890లో జర్మన్ సర్జన్ ట్రెండెలెన్‌బర్గ్ తొడ దగ్గర సిరని కట్టేసే ఆపరేషన్ ప్రచారంలోకి తెచ్చాడు. సిరంజి వచ్చిన 1850ల నుంచీ సిరలోకి ఘాటు మందు ఎక్కించి మూయించే పద్ధతి వస్తూ పోతూ ఉంది. 1930లు, 40లలో కడుపుతో ఉన్నవాళ్ళకే ఈ ఇంజెక్షన్లు ఇచ్చి, సిరలు కట్టేసిన డాక్టర్లున్నారు. వద్దన్నవాళ్ళూ అప్పట్లోనే ఉన్నారు. దానంతట తగ్గబోయేదాన్ని కోయడమెందుకు? లోపల నొక్కుడు అలాగే ఉండగా ఒక సిర మూస్తే ఇంకోటి ఉబ్బదా? బిడ్డకి ఆ మందు మంచిదేనా? చివరికి వీళ్ళ మాటే నిలిచింది. ఇంగ్లండ్‌లో నైస్ సంస్థ 2013 జులైలో ఇచ్చిన మార్గదర్శకం సూటిగా చెబుతుంది: చాలా అసాధారణ పరిస్థితుల్లో తప్ప గర్భంలో వెరికోస్ వీన్స్‌కి లేజర్ గానీ ఇంజెక్షన్ గానీ ఆపరేషన్ గానీ చెయ్యొద్దు. వాపు, బాధ తగ్గడానికి మేజోళ్ళు చూడొచ్చు.

మేజోళ్ళ మీద కూడా మరీ ఆశ పెట్టుకోవద్దు. 2001లో స్విట్జర్లాండ్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో, మేజోళ్ళు వేసుకున్న గర్భిణులకి కొత్త సిరలు ఉబ్బడం ఆగలేదు, కాళ్ళ బాధ మాత్రం తగ్గింది. 2015లో కాక్రేన్ వాళ్ళు దొరికిన పరిశోధనలన్నీ వెతికితే 7 ట్రయల్స్, 326 మంది ఆడవాళ్ళు తేలారు. అంతే. కోట్లమంది అమ్మల బాధ మీద లెక్కకొచ్చింది 326 మంది. మాకు కోపం రాదా చెప్పండి. అందులో నీళ్ళలో నిలబడటం వల్ల కాలి వాపు తగ్గుతుందని కనిపించింది. జాబ్స్ట్ కొలను గుర్తుందిగా.

కాబట్టి మిగిలిన వైద్యం ఏమిటంటే: కాళ్ళు ఎత్తి పెట్టుకుని కూర్చో, ఎక్కువసేపు నిలబడకు, అటూ ఇటూ నడువు, ఎడమవైపు తిరిగి పడుకో. చదవడానికి ఎంత తేలిక! కానీ పన్నెండు గంటల షిఫ్టులో ఎవరు కూర్చోనిస్తారు? ఈ వైద్యం డాక్టరు చేతిలో లేదు, సూపర్‌వైజర్ చేతిలో ఉంది. అందుకే నా లెక్కలో ఈ జబ్బు చరిత్రలో లేజర్ కన్నా పెద్ద సంఘటన ఒక కుర్చీ.

1899లో బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టం చేసింది, పేరే షాపుల్లో పనిచేసేవాళ్ళకి కుర్చీల చట్టం. షాపులో ప్రతి ముగ్గురు ఆడ ఉద్యోగులకి కనీసం ఒక కుర్చీ ఉండాలి. ముగ్గురికి ఒకటి! అదీ పెట్టమంది గానీ, కుర్చీ ఉన్నంత మాత్రాన కూర్చునే ధైర్యం రాదు కదా. మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్, నిలబడి పనిచేసేవాళ్ళకి కూర్చునే ఏర్పాటు ఉండాలంది. అది ఫ్యాక్టరీలకి. చీరల షాపుల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా నవ్వుతూ నిలబడే ఆడపిల్లలకి అది అందలేదు. కేరళలో కోళికోడ్‌కి చెందిన విజి, ఆమె నడిపిన పెణ్‌కూట్టు సంఘం ఏళ్ళ తరబడి పోరాడాక 2018లో ఆ రాష్ట్రం షాపుల చట్టం మార్చి కూర్చునే హక్కు ఇచ్చింది. తమిళనాడు 2021లో అదే దారి పట్టింది. బ్రిటన్ చట్టానికీ కేరళ చట్టానికీ మధ్య 119 ఏళ్ళు.

గర్భిణుల కోసం 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టంలో ఒక మంచి సెక్షన్ పెట్టారు. గర్భిణి అడిగితే, ఎక్కువ గంటలు నిలబడే పని చెప్పకూడదు. కానీ అది కాన్పుకి ముందు సుమారు చివరి పది వారాలకి మాత్రమే. సిరలు అప్పటిదాకా ఆగుతాయా? మూడో నెలలోనే కనిపించే వాళ్ళున్నారు.

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళకి ఇప్పుడు చేతిలో ఉన్నది 1999 నాటి ఆరోగ్య భద్రతా నిబంధనలు. గర్భిణి పనిలో ముప్పు ఉంటే యజమాని పని పద్ధతో గంటలో మార్చాలి, కుదరకపోతే తగిన వేరే పని ఇవ్వాలి, అదీ కుదరకపోతే జీతంతో ఇంటికి పంపాలి. అమెరికాలో 2023 జూన్ 27 నుంచి గర్భిణి ఉద్యోగుల చట్టం అమల్లో ఉంది. పదిహేను మందికి తక్కువ కాకుండా ఉద్యోగులున్న చోట కూర్చోడానికి వీలు, అదనపు విరామాలు అడగొచ్చు. వీసా పోతుందేమో, రోటాలో పేరు తీసేస్తారేమో అని చాలామంది బిడ్డ కనిపించేదాకా చెప్పరు. ఆ భయం నాకు తెలుసు, కొట్టిపారేయను. కానీ బ్రిటన్ నిబంధన ప్రకారం కడుపుతో ఉన్నట్టు రాతపూర్వకంగా తెలియజేశాకే యజమాని మీద ఆ బాధ్యత పూర్తిగా పడుతుంది. నోటిమాట చాలదు. ఈమెయిల్ పెట్టండి, మిడ్‌వైఫ్ రాసిచ్చిన కాగితం జత చెయ్యండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

కాన్పుకి ఊరెళ్ళేవాళ్ళకి ఒక మాట. నాలుగు గంటలు దాటిన విమాన ప్రయాణంలో గర్భిణులు కంప్రెషన్ స్టాకింగ్స్ వేసుకోవాలని రాయల్ కాలేజీ సలహా. హైదరాబాదుకి పది గంటల దారి. నడవ పక్క సీటు తీసుకోండి, గంటకోసారి లేవండి, నీళ్ళు తాగండి. ముందు గడ్డ కట్టిన చరిత్ర ఉంటే టికెట్ కన్నా ముందు డాక్టర్ని అడగండి.

ఒక కాలే ఉన్నట్టుండి వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే నూనె పెట్టి మర్దన చెయ్యొద్దు. మన ఒంటి రంగులో ఎరుపు కనిపించకపోవచ్చు, వేడి చేతికి తెలుస్తుంది. అదే రోజు మెటర్నిటీ యూనిట్‌కి ఫోన్ చెయ్యండి. ఊపిరాడకపోయినా, గుండెల్లో నొప్పి వచ్చినా, దగ్గులో నెత్తురు పడినా బ్రిటన్‌లో 999. ఉబ్బిన సిర చిట్లి రక్తం కారితే పడుకుని, కాలు పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకుని సాయం పిలవండి. ఈ నాలుగు వాక్యాలు స్క్రీన్‌షాట్ తీసి రూమ్మేట్లకి పంపండి, రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళకి ముందు.